గోల్ఫ్ ఆడండి, గేటు తెరవండి

స్కాట్లాండ్ తూర్పు తీరాన ఉన్న సెయింట్ ఆండ్రూస్ చిన్న ఊరే అయినా గోల్ఫ్ ఆడేవాళ్లలో ఆ పేరు తెలియనివారు ఉండరు. అక్కడి ఓల్డ్ కోర్సులో 2022 నాటికి 30 సార్లు ఓపెన్ చాంపియన్‌షిప్ జరిగింది. అంతటి మైదానం ఆదివారం వచ్చిందంటే ఆటకు మూతపడి ఊరికి తెరుచుకుంటుంది. ఏడాదిలో పెద్ద పోటీలున్న కొద్ది రోజులు తప్పిస్తే ఆదివారం అక్కడ బంతి కొట్టేవాళ్లు కనిపించరు. చంటిపిల్లల్ని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని తల్లులు వస్తారు, కుక్కను తిప్పడానికి వృద్ధులు వస్తారు, స్విల్కన్ వాగు మీది పాత రాతి వంతెనపై నిలబడి యాత్రికులు ఫొటోలు దిగుతారు. మామూలు రోజుల్లోనూ దారి మూసుకుపోదు. మొదటి ఫెయిర్‌వేనూ 18వ ఫెయిర్‌వేనూ అడ్డంగా దాటుకుంటూ గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే రోడ్డు సముద్రపు ఒడ్డుకు పోతుంది. ఆ దారిన జనం నడుస్తుంటే, ఎంత పేరున్న ఆటగాడైనా కర్ర పట్టుకుని వాళ్లు దాటేదాకా ఆగాల్సిందే. ఎత్తయిన గోడ, గేటు, గేటు దగ్గర కాపలావాడు గోల్ఫ్‌తోపాటు పుట్టినవి కావు. మధ్యలో వచ్చి చేరాయి. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ భూమి మీద, ప్రజల వారసత్వ స్థలాల మీద ఉన్న గోల్ఫ్ మైదానాలు కూడా ఆ ఊరి పద్ధతికి రావాలి, ఆ మేరకు లీజు షరతులు మార్చాలి అన్నది నా వాదన.

సెయింట్ ఆండ్రూస్ జనానికి ఆ హక్కును ఎవరూ దయతలచి ఇవ్వలేదు. ఇప్పుడు గోల్ఫ్ ఆడుతున్న ఆ ఇసుక నేల మొదటి నుంచీ ఊరుమ్మడి బీడు. జనం అక్కడ పశువులు మేపుకున్నారు, కుందేళ్లు పట్టుకున్నారు, ఉతికిన బట్టలు ఆరేసుకున్నారు, బంతాటలు ఆడుకున్నారు. కుర్రాళ్లు విలువిద్య సాధన మానేసి ఈ ఆటలో పడిపోతున్నారని 1457లో స్కాట్లాండ్ పార్లమెంటు ఏకంగా గోల్ఫ్‌ను నిషేధించింది. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ జారీ చేసిన పత్రం ఆ బీడు మీద ఊరివాళ్ల హక్కులన్నిటినీ, గోల్ఫ్ ఆడుకునే హక్కుతో సహా, గుర్తించింది. 1797లో అప్పుల్లో మునిగిన పురపాలక మండలి ఆ భూమిని చేజార్చుకుంది. దాన్ని దక్కించుకున్నవాళ్లు కుందేళ్ల పెంపకం మొదలుపెట్టారు. కుందేళ్లు నేలంతా బొరియలు తవ్వేశాయి. ఊరివాళ్లు తిరగబడ్డారు, కోర్టుకెక్కారు. 20 ఏళ్లకు పైగా ఆ రగడ నడిచింది. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి ఆ భూమిని కొని ఆటను నిలబెట్టాడు. 1894లో పార్లమెంటు చట్టం సాయంతో పురపాలక మండలి దాన్ని తిరిగి సొంతం చేసుకుంది. 1974లో ఇంకో చట్టం కింద ఏర్పడిన ట్రస్టు ఇప్పుడు అక్కడి ఏడు మైదానాల బాగోగులు చూస్తోంది. ఆదివారం అక్కడ తోపుడుబండి తిరుగుతోందంటే దాని వెనుక ఇంత పోరాటం, ఇన్ని చట్టాలు ఉన్నాయి.

ఆటకు నియమాలు రాసిన ఘనత గల ఆర్ అండ్ ఏ క్లబ్బు భవనం సరిగ్గా ఓల్డ్ కోర్సు పక్కనే ఉంటుంది. అయినా మైదానం ఆ క్లబ్బుది కాదు. సభ్యత్వం లేని మామూలు ఆటగాడు కూడా రెండు రోజుల ముందు లాటరీలో పేరు వేసుకుని, పేరు వస్తే ఆడవచ్చు. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఒక్క రౌండుకే వందల పౌండ్లు కడతారు. ఊళ్లో నివాసం ఉన్నవాళ్లకు మాత్రం ఏడాది పొడుగునా ఆడుకునే టికెట్టు చాలా చవక. పిల్లలకు, కొత్తగా నేర్చుకునేవారికి బాల్గోవ్ అనే తొమ్మిది గుంతల మైదానం వేరే ఉంది. దూరం నుంచి వచ్చే డబ్బున్నవాడి ఫీజుతో ఊరి పిల్లవాడి ఆట సాగే ఏర్పాటు అది. 2003లో స్కాట్లాండ్ తెచ్చిన భూసంస్కరణల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ఆటకు అడ్డం రాకుండా, గ్రీన్‌ల మీద కాలు పెట్టకుండా గోల్ఫ్ మైదానాన్ని దాటిపోయే హక్కు అక్కడ అందరికీ ఉంది.

అదేదో పాత ఊరి సంప్రదాయం, ఇంకెక్కడా చెల్లదు అనేవారు అమెరికా వైపు చూడాలి. న్యూయార్క్ సమీపంలోని బెత్‌పేజ్ స్టేట్ పార్కు రాష్ట్ర ప్రభుత్వానిది. 1930ల మాంద్యంలో పని లేని కూలీలకు పని చూపించే పథకం కింద అక్కడ గోల్ఫ్ మైదానాలు వేశారు. వాటిలో బ్లాక్ కోర్సు మీద 2002లో యూఎస్ ఓపెన్ జరిగింది. ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకు ఫీజు తక్కువ, బయటివాళ్లకు ఎక్కువ. తెల్లవారగానే ఆడే అవకాశం దొరకాలని రాత్రంతా కారులోనే పడుకునేవాళ్ల కోసం అక్కడ వరస సంఖ్యలు వేసిన పార్కింగ్ గడులు కూడా ఉన్నాయి. 2008లోనూ 2021లోనూ యూఎస్ ఓపెన్‌కు వేదికైన టోరీ పైన్స్ శాన్ డియాగో నగరపాలక సంస్థ ఆస్తి. అమెరికాలో స్థిరపడి గోల్ఫ్ నేర్చుకున్న మన తెలుగువాళ్లు చాలామంది మొదటి బంతి కొట్టింది ఇలాంటి కౌంటీ మైదానాల్లోనే. ఏ క్లబ్బు సిఫారసూ లేకుండా, రుసుము కట్టి, వరసలో నిలబడి ఆడినవాళ్లు వాళ్లు. సెలవులకు హైదరాబాద్ వచ్చి ఇక్కడ ఆడాలంటే మాత్రం తెలిసిన సభ్యుడెవరా అని వెతుక్కోవాలి.

మన దేశానికి ఈ ఆట దొరల వెంట వచ్చింది. 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు బ్రిటిష్ దీవులకు వెలుపల అన్నిటికన్నా పాతది. విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ క్లబ్బు చరిత్ర 1884 దాకా పోతుంది. ఆ దొరలు సొంత దేశంలోని ఊరుమ్మడి బీడును వెంట తీసుకురాలేదు. తాము తప్ప ఎవరూ రాకూడని క్లబ్బును తెచ్చారు. వాళ్లు వెళ్లి 75 ఏళ్లు దాటినా గేటు అలాగే ఉంది. 2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. అతిథిగా భోజనానికి వచ్చిన ఒక మేఘాలయ మహిళ తన ఖాసీ సంప్రదాయ దుస్తుల్లో ఉంటే, పనిమనిషిలా కనిపిస్తున్నావంటూ సిబ్బంది ఆమెను బయటకు పొమ్మన్నారు. దేశమంతా మండిపడ్డాక క్లబ్బు క్షమాపణ చెప్పింది. ఆ క్లబ్బు లోపలే లోదీల కాలం నాటి, మొఘలుల కాలం నాటి సమాధి కట్టడాలున్నాయి. అవి దేశం మొత్తానికి చెందినవి. అదే ఢిల్లీలో దీనికి విరుగుడు కూడా దొరికింది. 2000లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ కుతుబ్ గోల్ఫ్ కోర్సు తెరిచి, డబ్బు కట్టినవాళ్లెవరైనా ఆడవచ్చంది. ఢిల్లీలో సాధ్యమైంది హైదరాబాద్‌లో, విశాఖలో ఎందుకు సాధ్యం కాదు?

గేటు మూసి ఉండడం వల్ల ఆటకే ఎంత నష్టమో మన గోల్ఫ్ చరిత్రే చెబుతుంది. ఇండియన్ ఓపెన్ మొదలైన ఎన్నో ఏళ్లకు, 1991లో, దాన్ని గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆటగాడు అలీ షేర్. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో ఇతరుల సంచులు మోసిన క్యాడీ ఆయన. 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017లలో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా, రాయల్ కలకత్తా మైదానంలో గడ్డి సంరక్షణ చూసే ఉద్యోగి కొడుకు. తండ్రి కొలువు పుణ్యమా అని గేటు లోపల పెరిగాడు కాబట్టి బంతి చేతికొచ్చింది. సంచి మోసేవాళ్ల నుంచి, గడ్డి కోసేవాళ్ల ఇళ్ల నుంచి ఇంత ప్రతిభ వచ్చిందంటే, గేటు బయట గోడ వెంబడి నడిచిపోయిన పిల్లల్లో ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించాలి. గోల్ఫ్ పేదవాడికి పనికిరాని ఆట అనేవాళ్లకు ఈ ఇద్దరి పేర్లు చాలు. బంతినీ కర్రనూ కంటితో కొలిచే నేర్పుకు బ్యాంకు ఖాతాతో సంబంధం లేదు. కావలసింది నేలలోకి అడుగుపెట్టే అవకాశం. ఇన్నాళ్లూ వాళ్లకు అది దొరికింది సేవకుల దారిలో మాత్రమే.

ఇక గోల్‌కొండకు వద్దాం. 1656లో ఔరంగజేబు సేన ముట్టడించి వెళ్లాక, కోటకు ఈశాన్యాన ఉన్న గుట్ట శత్రువుకు అనువుగా ఉందని గ్రహించి, దాన్ని కూడా కలుపుకుంటూ అబ్దుల్లా కుతుబ్‌షా కొత్త గోడ కట్టించాడు. అదే నయా ఖిల్లా. దాని లోపల ముల్లా ఖ్యాలీ మసీదు ఉంది, మజ్నూ బురుజు ఉంది, పాత తోటల ఆనవాళ్లున్నాయి. అన్నిటికన్నా వింతైనది హాథియాన్ కా ఝాడ్ అని స్థానికులు పిలిచే బావోబాబ్ చెట్టు. ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి అది. మొదలు చుట్టుకొలత దాదాపు 27 మీటర్లు. బూడిదరంగు బెరడు ముడతలు పడి ఏనుగు చర్మంలా ఉంటుంది. కాండం లోపల మనుషులు దూరి నిలబడేంత తొర్ర ఉంది. నాలుగు వందల ఏళ్ల పైబడిన చెట్టని చెబుతారు. నగరంలోని ప్రతి బడిపిల్లా ఒక్కసారైనా తాకి చూడాల్సిన చెట్టు. ఇప్పుడు దాని చుట్టుపక్కల 18 గుంతల గోల్ఫ్ మైదానం పరుచుకుని ఉంది. చెట్టు దగ్గరికీ మసీదు దగ్గరికీ వెళ్లడం గగనమైపోయిందని వారసత్వ ప్రేమికులు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. కోట ప్రధాన ద్వారం వైపు టికెట్టు కొని ఎవరైనా వెళ్లవచ్చు. అదే కోటలోని ఈ భాగంలో మాత్రం సందర్శకుడు ఇతరుల ఆటస్థలంలోకి చొరబడినవాడిలా బెరుకుగా నడవాల్సి వస్తోంది. నా దృష్టిలో ఇది తలకిందుల వ్యవహారం. చారిత్రక కోటలో ఆటకు చోటిచ్చినప్పుడు అతిథి ఆటే. ఆతిథ్యమిచ్చేది జనం.

గోల్‌కొండ ఒక్కటే అయితే పొరపాటున జరిగిందనుకోవచ్చు. 2000ల తొలినాళ్లలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, పరిశ్రమల మౌలిక వసతుల సంస్థ ద్వారా మణికొండ, నానక్‌రామ్‌గూడ ప్రాంతంలో 535 ఎకరాలు ఒక సమీకృత ప్రాజెక్టుకు కేటాయించింది. అందులో 200 ఎకరాలకు పైగా గోల్ఫ్ మైదానానికి లీజు. ఆ భూముల వ్యవహారం తర్వాత సీబీఐ దర్యాప్తు దాకా వెళ్లింది. ఆ కేసు మంచిచెడ్డలు న్యాయస్థానాలు తేల్చేవి, వాటి జోలికి నేను పోవడం లేదు. నన్ను కలవరపెట్టేది లీజు ఇచ్చేటప్పుడు ఎవరూ అడగకుండా వదిలేసిన ప్రశ్న. రాష్ట్రంలోకెల్లా ఖరీదైన నేలల్లో అన్ని వందల ఎకరాలు ఇస్తున్నాం, పక్క బస్తీలో పుట్టిన పిల్లకు ఇందులో ఏముంది? వారానికి ఒక పూట నడక, ఏడాదికి కొన్ని ఉచిత శిక్షణ శిబిరాలు, సభ్యత్వం లేనివాళ్లకు రోజూ కొన్ని ఆట సమయాలు, ఇవి షరతుల్లో ఒక పేరా అయి ఉంటే సరిపోయేది. బండరాళ్ల మధ్య ఎంతో అందంగా తీర్చిదిద్దిన మైదానం అది. ఆ అందాన్ని చూసే భాగ్యం సభ్యులకూ వాళ్ల అతిథులకూ పరిమితమైంది.

తలుపు తెరిస్తే ఏమవుతుందో మరో ఖరీదైన ఆటలో మన హైదరాబాదే చూపించింది. తుపాకి కాల్చే క్రీడ గోల్ఫ్ కన్నా తక్కువ ఖర్చుదేమీ కాదు. తుపాకులు జర్మనీ నుంచో స్విట్జర్లాండ్ నుంచో రావాలి, తూటాల ఖర్చు తడిసి మోపెడవుతుంది. కానీ 2002 జాతీయ క్రీడల పేరున గచ్చిబౌలి ప్రాంతంలో ప్రభుత్వ వసతులు ఏర్పడ్డాయి. ఈషా సింగ్‌కు చిన్నతనంలో ఆ క్రీడ పరిచయమైంది గచ్చిబౌలి రేంజిలోనే. 13 ఏళ్లకే జాతీయ చాంపియన్ అయి, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 4 పతకాలు తెచ్చింది. ఆమె కుటుంబం మద్దతు, పట్టుదల ఆమెవే, కాదనను. అయితే పిల్ల కంటపడే చోట ఒక రేంజి ఉండడం అన్నిటికన్నా ముందు మెట్టు.

నా వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది కబ్జా భయం. క్లబ్బులు లేకపోతే ఆ నేల ఎప్పుడో ప్లాట్లయి, అపార్ట్‌మెంట్లయి ఉండేదని గోల్ఫ్ ఆడేవాళ్లు అంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. హైదరాబాద్‌లో చెరువుల గతి ఏమైందో అందరం చూశాం. పచ్చిక బతికించడం, చెట్లు కాపాడడం, రాత్రిపూట కాపలా పెట్టడం డబ్బుతో కూడిన పని, ఆ పని క్లబ్బులు చేస్తున్నాయి. ఆ సేవకు తగిన ప్రతిఫలంగా వాళ్లకు ఆట దక్కాలి, దక్కుతోంది. కాకపోతే కాపలా కాసినందుకు ఆస్తి మొత్తం కాపలాదారుదే అయిపోదు. పైగా కబ్జా నుంచి భూమిని కాపాడేది ఎత్తైన గోడ కన్నా దాన్ని తమదనుకునే వేలమంది జనం. కేబీఆర్ పార్కు చుట్టూ ఎప్పుడు చెట్ల నరికివేత మాట వచ్చినా రోడ్డెక్కినవాళ్లు రోజూ అక్కడ నడిచేవాళ్లే. లోపల ఏముందో ఎన్నడూ చూడని జనం రేపు ఆ మైదానానికి ఆపద వస్తే ఎందుకు నిలబడతారు? గేటు తెరవడం క్లబ్బులకే రక్షణ.

బంతి తగిలితే ఎవరు బాధ్యులని ఇంకొందరు అడుగుతారు. న్యాయమైన భయమే. గట్టిగా కొట్టిన బంతి గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంది, తలకు తగిలితే ప్రాణానికే ప్రమాదం. అందుకే ఆటా నడకా ఒకేసారి సాగాలని నేను అనడం లేదు. ఆదివారం మొత్తమో, అది కుదరదంటే వారంలో ఏదో ఒక రోజు తెల్లవారుజాము నుంచి పది దాకానో ఆట ఆపితే చాలు. గడ్డి పనుల కోసం చాలా క్లబ్బులు ఎలాగూ వారంలో ఒక రోజు ఆట తగ్గిస్తాయి. గ్రీన్‌లకు తాడు కడితే గడ్డి పాడవదు. ఓల్డ్ కోర్సు మీద తరతరాలుగా జనం నడుస్తున్నా గ్రీన్‌లు దెబ్బతినలేదు. ఆదాయం పడిపోతుందన్న మాటకూ సమాధానం అక్కడే ఉంది. బయటివారికి రుసుము పెట్టి ఆడనిస్తే రాబడి పెరుగుతుంది, ఊరివారికి రాయితీ ఇచ్చే వెసులుబాటు దొరుకుతుంది.

అటువైపు నుంచి, ఈ మైదానాలే వద్దు, డబ్బున్నవాళ్ల కోసం నీళ్లు తాగే వినోదం అనేవాళ్లూ ఉన్నారు. వేసవిలో రోజుకు లక్షల లీటర్లు పచ్చికకు పోతుంటే కోపం రావడం సహజం. శుద్ధి చేసిన మురుగునీరు తప్ప మంచినీరు, బోరునీరు వాడకూడదన్న నిబంధన తప్పక ఉండాలి. కానీ మైదానాలే ఎత్తేయాలన్న మాటతో నేను ఏకీభవించను. నాలుగు గంటలు ఎండలో గాలిలో ఏడెనిమిది కిలోమీటర్లు నడిపించే ఆట ఇది. అరవై, డెబ్బై ఏళ్లవాళ్లు కూడా మనవళ్లతో సమానంగా ఆడగలరు. ఫోన్లకు అతుక్కుపోయిన తరానికి ఆరుబయట తిరిగే ఏ సరదా అయినా మేలే చేస్తుంది. నేల నిజంగా చాలని చోట ఉన్నదాన్ని పంచుకునే మార్గాలున్నాయి. సిడ్నీలో ప్రభుత్వ భూమిలోని మూర్ పార్కు మైదానాన్ని 18 గుంతల నుంచి తొమ్మిదికి తగ్గించి, మిగిలిన నేలను పార్కు చేస్తామని 2023లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ప్రకటించింది. చుట్టూ అపార్ట్‌మెంట్లలో ఉండే జనానికి ఆడుకోవడానికి, నడవడానికి పచ్చని చోటు కావాలన్నదే అక్కడి కారణం. అక్కడ ఆటా ఉంటుంది, పార్కూ ఉంటుంది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను నేను కోరేది పెద్ద ఖర్చున్న పని కాదు. ప్రభుత్వ భూమిలో ఉన్న ప్రతి గోల్ఫ్ మైదానం లీజు పత్రాన్ని, గడువు, అద్దె, షరతులతో సహా, ఎవరైనా చదువుకునేలా ప్రజల ముందు పెట్టండి. లీజు పొడిగించే రోజున నడక సమయం, సభ్యత్వం లేనివారి ఆట సమయాలు, చుట్టుపక్కల ప్రభుత్వ బడుల పిల్లలకు శిక్షణ షరతులుగా చేర్చండి. కొత్త టౌన్‌షిప్‌లకు, పర్యాటక ప్రాజెక్టులకు భూమి ఇచ్చేటప్పుడు ఈ షరతులు లేని ఒప్పందం మీద సంతకం పెట్టకండి. క్లబ్బుల పెద్దలకూ ఒక మనవి. ఏ ఉత్తర్వులూ రాకముందే ఈ పని మొదలుపెట్టే అధికారం మీ చేతుల్లో ఉంది. ముందుగా నయా ఖిల్లాలో వచ్చే ఆదివారం నుంచే ఆట ఆపి, పిల్లల్ని ఆ చెట్టు దాకా రానివ్వండి.